ఇంటనే బట్టల సబ్బుపొడి: తూకముతో చేయు విధము

సంఘ సభ్యులగు రైతు సోదరులకును, వారి యిండ్లను దిద్దు గృహిణులకును ఈ నెల మేము చెప్పదలచిన పాఠము పొలములోని పైరును గూర్చినది కాదు. పొలమునుండి యింటికి వచ్చు మాసిన బట్టలను గూర్చినది. నల్లరేగడి బురద, పొగాకు జిగురు, ఇంజను మసి, వీనిని వదల్చుటకై రైతు కుటుంబము నెలనెలకు సబ్బులకును, పొడులకును రొక్కము వెచ్చించుచునే యున్నది. ఇంటిలో కొబ్బరినూనె చేదెక్కి మూలబడి యుండగా, అంగడికి పోయి బట్టల పొడి కొని తెచ్చువారిని మేము పెక్కుమందిని చూచితిమి. ఆ నూనెను సబ్బుపొడిగా మార్చుట కష్టము కాదు. అయితే అది కంటి అంచనాతో చేయు వంట కాదు. త్రాసుతో చేయు పని. ఈ వ్యాసమున మేము చెప్పు మాటలన్నిటిలోను ముఖ్యమైనది ఇదియే.

మేము చేసిన పొరపాటు

ఈ మాటను మేము పుస్తకము చూచి చెప్పుట లేదు. తప్పు చేసి నేర్చుకొంటిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున స్త్రీలకు సబ్బు చేయుట చూపుటకై పోయితిమి. త్రాసు తీసికొనిపోవుట మరచితిమి. దానికై తిరిగి వెళ్లినచో ప్రొద్దు వాలునని తలచి, కాస్టిక్ సోడాను గిద్దతో కొలిచి వేసితిమి. సోడా పలుకులు పెద్దవైనచో గిద్దెడు తక్కువ తూగును. సన్ననివైనచో ఎక్కువ తూగును. ఆనాటి సరకు సన్ననిది. సబ్బు చూపునకు బాగుగనే గట్టిపడినది. అందరును సంతోషించిరి.

రెండు నెలలు గడచిన పిదప ఆ యూరికి మరల పోగా, ఒక వృద్ధురాలు తన రెండు చేతులను మా యెదుట చాచినది. వ్రేళ్ల సందులు ఎర్రబారి, చర్మము పొరలుగా లేచియున్నది. "బాబూ, పొలములో చల్లే యెరువుకు తూకము చెప్పితివి, పురుగుమందుకు కొలత చెప్పితివి. మా చేతులకు తూకము లేదా?" అని ఆమె యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఇల్లిల్లు తిరిగి మిగిలిన సబ్బునంతను వెనుకకు తీసికొంటిమి. మేము చదువుకొన్న మిషను బడిలో శాస్త్రము చెప్పిన ఉపాధ్యాయులు "ముందు త్రాసు, పిమ్మట చేయి" అని మాటిమాటికి హెచ్చరించెడివారు. ఆ మాట ఆనాడు మాకు జ్ఞప్తికి రాలేదు; నాటినుండి మరువలేదు.

సబ్బుపొడి యన నేమి?

మన పల్లెలలో బట్టల పొడి యేదైనను "సర్ఫు" అనియే పిలుతురు. ఆ పేరుగల పొడి మన దేశమున 1959లో అమ్మకమునకు వచ్చినది. 1969లో అహమ్మదాబాదున కర్సన్‌భాయి పటేలుగారు తమ యింటి పెరటిలో బట్టల పొడి కలిపి, సైకిలుపై ఇంటింటికి తిరిగి అమ్మి, నిర్మా వ్యాపారమునకు పునాది వేసిరి. ఇవి నూనెతో చేసిన సబ్బులు కావు, డిటర్జెంటు పొడులు. ఇక్కడ మేము చెప్పునది నిజమైన సబ్బును పొడిచేసి, దానికి బట్టల సోడా కలుపు విధము. ఇందులో నుండునవి ఈ రెండే.

నూనెయు కాస్టిక్ సోడాయు నీటిలో కలిసినపుడు రెండును తమ పూర్వ గుణములను విడిచి, సబ్బుగను గ్లిసరినుగను మారును. ఈ మార్పులోని మర్మమును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు షెవ్రేలుగారు 1823లో ప్రకటించిన గ్రంథమున విశదపరచిరి. ఒక్కొక్క నూనెకు ఇంత కాస్టిక్ సోడా యని లెక్క కలదు. తక్కువైనచో నూనె మిగిలి సబ్బు జిడ్డుగా నుండును. దానివలన హాని లేదు. ఎక్కువైనచో కాస్టిక్ మిగిలి చేతులను తినును. కావున లెక్కకంటె కొంచెము తక్కువ వేయుటయే క్షేమము.

ఇక బట్టల సోడా యెందులకు? కందిపప్పు ఉడకని నీటిలో సబ్బు నురుగదని ప్రతి గృహిణికిని తెలియును. రెంటికిని కారణ మొక్కటే. అట్టి నీటిలో కరగియున్న సున్నపు లవణములు, మెగ్నీషియము లవణములు పప్పును మెత్తబడనీయవు. సబ్బును మడ్డిగా విరిచివేయును. ఆ లవణములు తీరువరకు నురుగు రాదు. అంతవరకు వేసిన సబ్బు వ్యర్థమే. బట్టల సోడా నీటిలోని సున్నమును పట్టి, సుద్దవంటి పొడిగా విడదీయును. సోడా చవుక, సబ్బు ప్రియము. చవుక వస్తువుచేత సున్నమును పట్టించి, ప్రియ వస్తువును మురికికై మిగుల్చుటయే సబ్బుపొడిలోని కిటుకు.

మన పూర్వులు ఈ సంగతి యెరుగనివారు కారు. చవుటినేలపై తేలిన తెల్లని మన్నును రజకులు ప్రోగుచేసి, ఆ నీటితో బట్టలు తడిపి ఉబ్బకు పెట్టుట మీలో పెద్దలు చూచియే యుందురు. ఆ మంటిలోని సత్తువ ఈ సోడాయే.

ముందు నీటిని పరీక్షింపుడు

ఒక గాజుసీసాలో సగము వాననీరును, మరియొక సీసాలో సగము మీ బావి నీటిని పోయుడు. రెంటిలోను చిటికెడేసి సబ్బు తురుము వేసి బాగుగా గిలకరింపుడు. వాననీటిలో నురుగు నిండుగ నిలుచును. బావి నీటిలోను అట్లే నిలిచినచో అది మెత్తని నీరు. నురుగు లేక తెల్లని పాలవిరుగుడువంటి మడ్డి తేలినచో అది కఠిన జలము. చెరువు నీటికంటె లోతు బోరు నీరు తరచుగా కఠినముగ నుండును. సోడా పాలు ఈ పరీక్షనుబట్టి నిర్ణయింపవలెను:

మెత్తని నీటికి: సబ్బుపొడి 2 పాళ్లు, సోడా 1 పాలు.
మధ్యమ నీటికి: సబ్బుపొడి 1 పాలు, సోడా 1 పాలు.
కఠిన జలమునకు: సబ్బుపొడి 2 పాళ్లు, సోడా 3 పాళ్లు.

ఈ పాళ్లన్నియు తూకమునుబట్టి చెప్పినవే కాని గిన్నెల లెక్క కాదు.

సోడాలో రెండు రకములు

అంగడిలో బట్టల సోడా రెండు రూపములలో దొరకును. ఒకటి పొడిపొడిగ నుండు సోడా యాష్. రెండవది అద్దపు పలుకులవంటి స్ఫటికములు. స్ఫటికముల తూకములో నూటికి 63 పాళ్లు నీరే. కావున 100 గ్రాముల సోడా యాష్ చేయు పనికి 270 గ్రాముల స్ఫటికములు కావలయును. ధర యడుగునపుడు ఈ భేదమును మరువరాదు. స్ఫటికములను అట్లే సబ్బుపొడిలో కలిపినచో అవి సుమారు 34 డిగ్రీల వేడికే తమ నీటిలో తామే కరగును. మన వేసవిలో డబ్బా యంతయు ఒకే గడ్డ యగును. సోడా యాష్‌నే కొనుట మేలు. స్ఫటికములే దొరకినచో ఇనుప మూకుడులో సన్నని సెగపై, నీరంతయు ఇగిరి తెల్లని పొడి యగువరకు వేయించి, చల్లార్చి, అప్పుడు తూచి వాడవలెను.

వంటసోడా వేరు, బట్టల సోడా వేరు. వంటసోడాను సైతము మూకుడులో బాగుగా వేయించినచో బట్టల సోడాగా మారును. 100 గ్రాములకు 63 గ్రాములు మిగులును. అయితే దాని వెల యెక్కువ గావున ఈ పనికి గిట్టదు.

మొదటి విధము: కొన్న సబ్బుతో

చిన్నపిల్లలున్న యిండ్లవారును, క్రొత్తగా ప్రారంభించువారును ఈ విధమునే అనుసరింపవలెనని మా సలహా. ఇందులో కాస్టిక్ సోడాతో పని లేదు.

నూనెతో చేసిన బట్టల సబ్బు ఒక కిలో కొనుడు. డిటర్జెంటు బిళ్ల పనికిరాదు; దానిలో సోడాయు, సుద్దయు ముందే కలిసియుండును. సబ్బును తురుముపీటపై సన్నగా తురిమి, గుడ్డపై పలుచగా పరచి, నీడలో రెండు మూడు దినములు ఆరనిండు. తురుమును వ్రేళ్ల నడుమ నలిపిన పెళపెళ విరుగవలెను. అప్పుడు రోటిలో దంచి జల్లెడ పట్టి, పైన చెప్పిన పాళ్లలో సోడా యాష్ కలుపవలెను. దంచునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. ఆ దుమ్ము గొంతును మండించును. ఆ రోటిని, తురుముపీటను మరల వంటకు వాడకుండుట మంచిది.

రెండవ విధము: సొంత నూనెతో

ఒక కిలో నూనెకు వేయవలసిన కాస్టిక్ సోడా ఈ క్రింద చూపితిమి. చేతులకు క్షేమముగ నుండుటకై ఉన్న లెక్కకంటె కొంచెము తగ్గించియే యిచ్చితిమి. ఇంతకు మించి వేయరాదు.

కొబ్బరినూనె: 175 గ్రాములు
పామాయిలు: 135 గ్రాములు
వేరుశనగ నూనె: 130 గ్రాములు
వేపనూనె: 120 గ్రాములు
కానుగ నూనె: 120 గ్రాములు
ఆముదము: 120 గ్రాములు

కొబ్బరినూనెకును ఆముదమునకును ఎంత భేద మున్నదో చూడుడు. కొబ్బరినూనె లెక్కను ఆముదమునకు వేసినచో ఆ వృద్ధురాలి చేతులవంటి చేతులు ఇంటింట కనబడును.

పొడి చేయుటకు సబ్బు గట్టిగ నుండవలెను. కొబ్బరినూనె, పామాయిలు గట్టి సబ్బు నిచ్చును. వేరుశనగ నూనె, ఆముదము మాత్రమే వాడినచో సబ్బు మెత్తబడి తురుమునకు లొంగదు. కావున సగమునకు తక్కువ కాకుండ కొబ్బరినూనె గాని పామాయిలు గాని యుండవలెను. చేదెక్కిన నూనెయు, పిండివంటలు చేయగా మిగిలిన నూనెయు పనికివచ్చును. పలుచని గుడ్డతో వడగట్టుకొనుడు. వేప, కానుగ నూనెల వాసన బట్టలకు కొంత అంటును, కొద్దిగా కలుపుడు.

ఉదాహరణము: కొబ్బరినూనె 600 గ్రాములు, వాడిన వేరుశనగ నూనె 400 గ్రాములు కలదనుకొనుడు. మొదటిదానికి 105 గ్రాములు, రెండవదానికి 52 గ్రాములు. మొత్తము 157 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. నీరు కాస్టిక్ సోడాకు రెట్టింపు తూకము, అనగా 314 గ్రాములు.

చేయు క్రమము: నీటిని ముందుగా స్టీలు గిన్నెలో గాని దళసరి ప్లాస్టిక్ బకెట్టులో గాని పోసి, అందులో కాస్టిక్ సోడాను కొంచెము కొంచెముగ వేయుచు కర్రతో కలుపవలెను. నీరు తనంతట తానే కాగి పొగలు గ్రక్కును. ఆ పొగను పీల్వరాదు. గోరువెచ్చన యగువరకు ఎవ్వరును తాకకుండ నుంచుడు. నూనెను సైతము గోరువెచ్చన చేసి, కాస్టిక్ నీటిని సన్నని ధారగా నూనెలో పోయుచు ఒకే తీరున కలుపుడు. అరగంట మొదలు గంట వరకు పట్టవచ్చును. మిశ్రమము చిక్కబడి, కర్రతో గీచిన గీత పైన నిలిచినపుడు, గుడ్డ పరచిన చెక్కపెట్టెలో పోసి మూయవలెను. కొబ్బరినూనె సబ్బు త్వరగా గట్టిపడును. తెల్లవారగనే ముక్కలు కోయుడు. ఆలస్యమైనచో పెళుసెక్కి విరుగును. ముక్కలు కోయునపుడును చేతితొడుగులు తీయరాదు.

ముక్కలను గాలి యాడు నీడలో నాలుగు వారములు ఆరబెట్టవలెను. పైన తెల్లని పొడి పట్టినచో భయపడనక్కరలేదు. అది గాలి తగిలి యేర్పడిన సోడాయే. కాని ముక్క విరిచినపుడు లోపల నీటిగుంటలు గాని తెల్లని గట్టి పలుకులు గాని కనబడినచో, కాస్టిక్ సరిగా కలియలేదని తెలిసికొని, ఆ సబ్బును వాడక మానవలెను. కొందరు పసుపు రాచి, ఎర్రబారినచో కాస్టిక్ మిగిలినదందురు. ఆ పరీక్ష నమ్మదగినది కాదు. మంచి సబ్బు కూడ పసుపును ఎర్రబార్చును. తూకమొక్కటే నమ్మదగినది.

ఆరిన సబ్బును మొదటి విధమున చెప్పినట్లే తురిమి, దంచి, సోడా కలుపవలెను. కిలో నూనెకు ఆరిన సబ్బు సుమారు కిలో పావు వచ్చును. సమభాగము సోడా చేర్చినచో పొడి రెండున్నర కిలోలకు దరిదాపగును.

తప్పరాని జాగ్రత్తలు

కాస్టిక్ సోడాను నీటిలో వేయవలెనే కాని, కాస్టిక్ సోడాపై నీరు పోయరాదు; పోసినచో ఒక్కసారిగ కాగి ముఖముపైకి చిందును.

సత్తుగిన్నెలు, అనగా సిల్వరు అని పిలుచు అల్యూమినియము పాత్రలు, ముట్టరాదు. కాస్టిక్ వానిని తినివేయును. అందు పుట్టు వాయువు నిప్పు తగిలిన మండును. తగరపు పూత బకెట్లును అట్టివే.

ఆరుబయట చేయుడు. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ధరింపుడు. పిల్లలను, పశువులను దూరముగ నుంచుడు.

చర్మముపై పడినచో తడిసిన బట్ట తీసివేసి, వెంటనే ధారగా పారు నీటితో ఇరువది నిమిషములు కడుగవలెను. నిమ్మరసము, పులుసు పోయరాదు. కంటిలో పడినచో అట్లే కడుగుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపరాదు. నోరు కడిగించి ఆ క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. మ్రింగిన కాస్టిక్ లోనికి పోవునపుడు గొంతును ఒకమారు కాల్చును. వాంతితో వచ్చునపుడు రెండవమారు కాల్చును.

నీళ్లసీసాలలోను, పంచదార డబ్బాలలోను కాస్టిక్ గాని సోడా గాని నింపుట మహాపరాధము. పసిపిల్లవాడు అక్షరములు చదువలేడు, డబ్బా నెరుగును.

వాడు విధము

బకెట్టు నీటికి రెండు పెద్ద చెంచాల పొడి వేసి, వేడినీటిలో ముందుగా కరగించి కలుపవలెను. నురుగు నిలువనిచో మరియొక చెంచా వేయుడు. కఠిన జలములో పొడి చాలనిచో మడ్డి బట్టలకు పట్టి తెల్లబట్ట బూడిదరంగు దాల్చును. బట్టలను అరగంట నానవేసి ఉతికి, రెండు మూడు నీళ్లలో జాడింపుడు. యంత్రములో ఉతుకువారు మెత్తని నీరు ఉన్నపుడే ఈ పొడిని వాడుట మంచిది.

పట్టుబట్టలకు, ఉన్నిబట్టలకు ఈ పొడి తగదు. సోడా ఆ నూలును పాడుచేయును. వానికి కుంకుడుకాయల రసమే శ్రేష్ఠము.

రైతులకు ప్రత్యేకముగ ఒక మాట. సోడా కలిసిన నీటిని దినదినము ఒకేచోట, కరివేపచెట్టు మొదటనో కొబ్బరి పాదులోనో, పోయరాదు. బట్టను తెలుపుచేయు ఆ సోడాయే నేలను చవుడుచేయును. నల్లరేగడిలో ఈ కీడు మరింత త్వరగ కలుగును. మన్ను జిగటయై, ఎండినపుడు రాయియై, నీటిని దింపుకొనదు. ఏండ్ల తరబడి జిప్సము వేసి బాగుచేయు చవుటినేలను మనమే పెరటిలో తయారుచేసికొనుట తగునా? మొదటి నీటిని బాటప్రక్క మురుగుకాలువలోనికి పంపుడు. కడపట జాడించిన నీటిని మాత్రము చెట్లకు మార్చిమార్చి పోయవచ్చును. చెరువులోనికి ఏ నీటిని వదలరాదు.

గిట్టుబాటు

మేము నిజమే చెప్పెదము. అంగడిలో మంచి కొబ్బరినూనె కొని సబ్బుపొడి చేసినచో గిట్టుట అరుదు. సొంత తోట కొబ్బరి, చేదెక్కిన నూనె, వంటలో మిగిలిన నూనె, గట్టుమీది కానుగ, వేప గింజలు గలవారికే ఇది లాభకరము. నూనె వెల, కాస్టిక్ వెల, సోడా వెల కూడి, వచ్చిన పొడి కిలోలతో భాగింపుడు. అంతటితో ఆగక, కొన్న పొడి కిలో యెన్ని దినములు వచ్చినదో, ఇంటి పొడి కిలో యెన్ని దినములు వచ్చినదో వ్రాసి చూడుడు. కిలోకు కిలో పోల్చుటకంటె దినమునకు దినము పోల్చుటయే సరియైన లెక్క.

సంఘము చేయదగిన పని

మద్రాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులను గూర్చి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు వ్రాసి సహకారోద్యమమునకు దారి చూపిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్‌గారే పిమ్మట మత్స్యశాఖను నడుపుచు, చేపనూనెతో సబ్బు చేయు ప్రయోగములకు పూనుకొనిరి. సబ్బును సంఘమును ఒకే చేతిలో నుండుట క్రొత్త సంగతి కాదు.

మా సూచన యిది. కాస్టిక్ సోడాను ఇంటింట కొని నిలువచేయుట మానుడు. సంఘమే ఒక డబ్బా కొని, తాళము వేసిన పెట్టెలో భద్రపరచవలెను. మూత తెరచియుంచినచో గాలిలోని తేమను పీల్చి నీరుగారును. గ్రాములు చూపు త్రాసు ఒకటి సంఘ కార్యాలయమున నుండవలెను. సభ్యుడు తన నూనె యేదో, ఎంతో చెప్పగా, కార్యదర్శి పై పట్టిక చూచి, లెక్క కట్టి, సరిగా అంతే తూచి, దళసరి సంచిలో కట్టి, పైన పేరును, "విషము" అను మాటను వ్రాసి యియ్యవలెను. ఆ దినముననే సబ్బు కలిపి, ఖాళీ సంచిని తిరిగి యప్పగింపవలెను. ఇట్లు చేసినచో ఏ యింటను కాస్టిక్ మిగులదు. ఏ పసివాని చేతికిని చిక్కదు. ఏ తల్లి చేతులును పొక్కవు.

ఆ వృద్ధురాలు మమ్ము అడిగిన ప్రశ్నకు ఆనాడు ఇయ్యలేకపోయిన బదులు ఇదియే. చేతులకును తూకము కలదు. అది సంఘపు త్రాసులో నుండవలెను.